డిజైన్ నేర్చుకోని సహోద్యోగి ప్రోటోటైప్ గీసుకొస్తే ఏం చేయాలి, ఎలా చేయాలి

టీమ్‌లో డిజైనర్ మీరొక్కరే. యాప్ స్క్రీన్ల నమూనాలు, అంటే ప్రోటోటైప్‌లు, గీసేవాళ్లు మాత్రం నలుగురైదుగురు ఉంటారు. బిజినెస్ అనలిస్ట్ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ బదులు ఫిగ్మా (స్క్రీన్లు గీసే టూల్) లింక్ పంపుతారు. ప్రోడక్ట్ మేనేజర్ రాత్రికి రాత్రి ఏఐ టూల్‌తో ఒక యాప్ తయారుచేసి పొద్దున్నే గ్రూపులో పెడతారు. సపోర్ట్‌లో ఉన్న అమ్మాయి కస్టమర్ల ఫిర్యాదులు విని విని, "ఈ పేజీ ఇలా ఉంటే బాగుంటుంది కదా" అంటూ పవర్‌పాయింట్‌లోనే డబ్బాలు గీసి చూపిస్తుంది.

ఇందులో ఆశ్చర్యం లేదు. 2008లో వచ్చిన బాల్సమిక్ అనే స్క్రీన్లు గీసే టూల్‌ని డిజైనర్లు కానివాళ్లు కూడా సులువుగా వాడగలిగేలా తయారుచేశారు. 2016లో ఫిగ్మా అందరికీ అందుబాటులోకి వచ్చాక ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, బ్రౌజర్‌లోనే ఫైల్ తెరుచుకుంది. లింక్ ఉన్నవాళ్లంతా లోపలికి రాగలిగారు. 2025లో ఫిగ్మా మేక్ లాంటి ఏఐ టూల్స్ వచ్చాక గీసే పని కూడా తగ్గింది. రెండు వాక్యాలు రాస్తే చాలు, బటన్లు నొక్కితే పనిచేసే స్క్రీన్ వచ్చేస్తుంది.

ఇలాంటప్పుడు డిజైనర్లు ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి, ఏమీ అనకుండా తీసుకుని మొత్తం తిరిగి గీసి ఇచ్చేయడం. రెండు, "స్క్రీన్లు మేం చూసుకుంటాం, మీరు ఏం కావాలో రాసివ్వండి చాలు" అనడం. మొదటి పద్ధతిలో గీసినవాళ్లకు ఏం మారిందో, ఎందుకు మారిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ అలాంటి స్క్రీనే తెస్తారు. రెండో పద్ధతిలో కస్టమర్లతో రోజూ మాట్లాడే మనిషి చెప్పదలచుకున్నది లోపలే ఉండిపోతుంది. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం. వాళ్ల స్క్రీన్‌లో అమరిక కుదరకపోవచ్చు, కానీ అది గీయడానికి కారణమైన సంగతి మీకు ఇంకెక్కడా దొరకదు. ఆ సంగతిని రాబట్టడం, దాన్ని వాళ్లే సరిగ్గా చూపించగలిగేలా సాయం చేయడం మీ పని.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. చిన్న ఊళ్లలో కిరాణా షాపులవాళ్లు హోల్‌సేల్ డీలర్ దగ్గర సరుకు ఆర్డర్ పెట్టుకునే యాప్ మీ టీమ్ తయారుచేస్తోంది. మీ అనలిస్ట్ ఆర్డర్ పేజీ గీసుకొచ్చారు.

ఫైల్ తెరవకముందే ఒక ప్రశ్న అడగండి

"దీన్ని ఎవరు చూడాలి? చూసి ఏం తేల్చాలి?"

దీనికి జవాబు మూడు రకాలుగా వస్తుంది. తన ఆలోచన తనకే తేటపడాలని గీశానని కొందరంటారు. ఇది కుదురుతుందా లేదా అని మిమ్మల్నో డెవలపర్‌నో అడగడానికి గీశానని కొందరంటారు. క్లయింట్‌కి చూపించాలి, శుక్రవారం డెమో ఉంది అని ఇంకొందరంటారు. ఈ మూడింటికీ మీరు చేసే సాయం ఒకటి కాదు. మొదటిదానికి మీరు వింటే చాలు. రెండోదానికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబివ్వండి, మిగతాదాని జోలికి పోకండి. మూడోదానికి మాత్రం వెంటనే పక్కన కూర్చోవాలి. ఎందుకంటే క్లయింట్ చూసినది ఏదైనా వాళ్ల లెక్కలో ఒప్పుకున్న పని అయిపోతుంది.

ఆ జవాబును ఫైల్ మొదటి పేజీలో నాలుగు లైన్లుగా రాయించండి: ఇది ఎవరి కోసం, వాళ్లు దీంతో చేయాల్సిన పని ఏంటి, ఇందులో ఖాయమైనవి ఏవి, మనం ఊహించుకున్నవి ఏవి. మీరు రాసిపెట్టకండి, వాళ్లతోనే రాయించండి. చాలామంది నాలుగో లైన్ దగ్గర ఆగిపోయి, "అవునూ, ఇది నేనే అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు" అంటారు. ఆ మాట రావడం కోసమే ఈ నోట్.

మొదటి రివ్యూలో మౌస్ వాళ్ల చేతిలోనే ఉంచండి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే మిగతావన్నీ వృథా, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తున్నాను.

అనలిస్ట్ గీసిన పేజీ ఇలా ఉందనుకోండి. పైన పెద్ద ఎర్ర అక్షరాల్లో షాపాయన బాకీ ఎంతో ఉంది. దాని కింద సరుకుల ఫొటోలు, వరుసకు రెండు చొప్పున. తర్వాత కూపన్ కోడ్ డబ్బా. అన్నిటికంటే కింద ఆర్డర్ బటన్. మీ కంటికి మొదట ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. ఆరు సైజుల అక్షరాలు, నాలుగు రకాల నీలం, ఒకదానికొకటి కలవని అంచులు. ఇవేవీ ఇప్పుడు అనకండి.

బదులుగా అడగండి: "ఈ పేజీ తెరిచే టైంకి షాపాయన ఏం చేస్తూ ఉంటాడు?" అనలిస్ట్ చెప్పడం మొదలుపెడతారు. కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు, ఒక చేత్తో బేరం చూసుకుంటూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంటాడు. ప్రతి వారం తెప్పించేవి దాదాపు అవే సరుకులు. కొత్తగా వెతికేది తక్కువ. ఈ రెండు మాటలతోనే ఫొటోల వరుస అవసరమా, పోయినసారి పెట్టిన ఆర్డర్‌నే ముందు చూపిస్తే సరిపోతుందా అన్న ప్రశ్న దానంతటదే బయటికొస్తుంది. మీరు విమర్శించాల్సిన అవసరమే రాలేదు.

తర్వాత అడగండి: "బాకీ పైన అంత పెద్దగా ఎందుకు పెట్టారు?" అప్పుడు తెలుస్తుంది. పాత బాకీ ఒక హద్దు దాటితే డీలర్ సరుకు పంపడం ఆపేస్తాడు. ఆ సంగతి షాపాయనకు తెలియదు. ఆర్డర్ పెట్టి రెండు రోజులు ఎదురుచూసి, సరుకు రాక సపోర్ట్‌కి ఫోన్ చేస్తాడు. అనలిస్ట్ ఆ కాల్స్ విన్నారు కాబట్టి బాకీని ఎర్రగా, పెద్దగా పెట్టారు. అంటే ఆమెకు కావలసింది ఎర్ర అంకె కాదు. ఈ ఆర్డర్ కదులుతుందా ఆగిపోతుందా అన్నది బటన్ నొక్కకముందే షాపాయనకు తెలియాలి, అంతే. ఆర్డర్ బటన్ మీద ఒక్క లైన్‌లో "బాకీలో ₹4,500 కడితేనే ఈ సరుకు బయల్దేరుతుంది" అని రాసి, పక్కనే కట్టే దారి చూపిస్తే ఆ పని అవుతుంది. మీరు ఏమీ అడగకుండా తిరిగి గీసి ఉంటే ఆ ఎర్ర అంకెను చిన్నదిగా, అందంగా చేసి మూలన పెట్టేవాళ్లు. అసలు సమస్య అలాగే ఉండిపోయేది.

అడగడానికి పనికొచ్చే ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. ఇక్కడికి ఎక్కడినుంచి వచ్చాడు? ఇది అయ్యాక ఎక్కడికి వెళ్తాడు? ఈ డబ్బా తీసేస్తే ఎవరికి ఇబ్బంది? ఇప్పుడు యాప్ లేకుండా ఈ పని ఎలా చేస్తున్నాడు? చివరి ప్రశ్నను అస్సలు వదలొద్దు. ఫోన్ చేసి చెప్తున్నాడా, చీటీ రాసి ఆటోలో పంపుతున్నాడా, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నాడా అన్నదాన్ని బట్టి మీ స్క్రీన్ దేనితో పోటీ పడాలో తెలుస్తుంది.

మీ అభిప్రాయం చెప్పే టైం వచ్చాక ఒక వరుస పాటించండి. ముందు పని, తర్వాత అడుగుల క్రమం, తర్వాత స్క్రీన్ మీది మాటలు, తర్వాత అమరిక, అన్నిటికంటే చివర రంగులు. రేపు తీసేయబోయే డబ్బా అంచులు ఇవాళ సరిచేయడం ఇద్దరికీ దండగ. ఒక్కో రివ్యూలో మూడు విషయాలకు మించి చెప్పకండి. ఇరవై కామెంట్లు చూసిన మనిషి ఏది ముఖ్యమో తెలియక తేలికైనవి సరిచేసి పంపిస్తారు.

మాట తీరు కూడా చూసుకోండి. "ఇది బాలేదు" అంటే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. "ఇక్కడికొచ్చాక ఏది నొక్కాలో నాకు అర్థం కాలేదు" అంటే ఎక్కడ చూడాలో వాళ్లకు తెలుస్తుంది. అందరూ ఉన్న గ్రూపులో ముందుగా తప్పులు రాయకండి, ఒకసారి పక్కకు పిలిచి మాట్లాడాకే రాయండి. ఫిగ్మాలో కామెంట్ పెట్టడానికి ఎడిట్ చేసే అనుమతి అక్కర్లేదు కాబట్టి వాళ్ల ఫ్రేమ్‌లో (ఒక్కో స్క్రీన్ గీసే గడిలో) చేయి పెట్టకుండానే మీరు చెప్పాల్సింది చెప్పొచ్చు. గీసి చూపించాల్సి వస్తే వాళ్ల ఫ్రేమ్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకుని, అందులో గీయండి. వీలైతే రెండు రకాలుగా గీసి, మూడింటిలో ఏది ఎందుకు నచ్చిందో వాళ్లనే చెప్పమనండి. కారణం వాళ్ల నోటితో చెప్తేనే గుర్తుంటుంది.

నునుపు తగ్గించండి

నేర్చుకోని చేతికి టూల్ తెచ్చిపెట్టే పెద్ద ప్రమాదం ఏంటంటే, ఆలోచన సగంలో ఉన్నా బొమ్మ మాత్రం పూర్తయినట్టు కనిపిస్తుంది. నీడలు, గుండ్రటి అంచులు, మంచి ఫొటోలు ఉన్న స్క్రీన్ చూస్తే మీటింగ్‌లో అందరూ రంగు గురించే మాట్లాడతారు. ఈ అడుగు అసలు అవసరమా అని ఎవరూ అడగరు. క్లయింటైతే సాఫ్ట్‌వేర్ సగం అయిపోయిందనే అనుకుంటారు. బాల్సమిక్‌లో బొమ్మలు చేత్తో గీసినట్టు ఉండేది కావాలనే. పచ్చిగా కనిపించే బొమ్మను మార్చమని అడగడానికి ఎవరూ మొహమాటపడరు.

కాబట్టి మొదటి రెండు మూడు రౌండ్లకు నియమం పెట్టండి. ఒకే ఫాంట్, రెండే సైజులు, తెలుపూ నలుపూ బూడిదా, నొక్కాల్సినదానికి మాత్రం ఒక రంగు. ఫొటోలు వద్దు, ఐకాన్లు వద్దు. ఐకాన్ పెట్టాలనిపించిన చోట మాట రాయమనండి. మాట దొరకలేదంటే అక్కడ ఏం ఉండాలో ఇంకా తేలలేదన్నమాట. కాగితం మీద గీసుకొస్తామంటే ఇంకా మంచిది. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఫిగ్మాలో పెట్టి, బటన్ల మీద కనిపించని డబ్బాలు గీసి లింక్ చేస్తే అది కూడా ప్రోటోటైపే.

సరిపడా సామాను ఇవ్వండి, గోదాం తాళాలు ఇవ్వకండి

కంపెనీ డిజైన్ సిస్టమ్ (బటన్లు, గడులు లాంటి సిద్ధంగా ఉన్న భాగాలు, వాటిని వాడే నియమాలు) మొత్తం వాళ్ల ముందు పెడితే ఏది ఎప్పుడు వాడాలో తెలియక తికమకపడతారు. పదో పన్నెండో భాగాలతో చిన్న కిట్ తయారుచేసి ఇవ్వండి. హెడర్, బటన్, రాసే గడి, జాబితాలో ఒక వరుస, ఎంచుకునే గడి, సమాచార పట్టీ, ఎర్రర్ లైన్, ఖాళీ పేజీ, నిర్ధారణ పాపప్ ఉంటే ఎక్కువ పనులకు సరిపోతుంది. పేర్లు వాళ్లు పిలిచేలా పెట్టండి. మీ లైబ్రరీలో (ఆ భాగాలన్నీ దాచిన ఫైల్‌లో) స్లాష్‌లతో పెట్టిన పేర్లతో వెతికితే వాళ్లకు ఏదీ దొరకదు. ప్రతి భాగం పక్కన ఒక్క లైన్: ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు.

ఫ్రేమ్ కూడా మీరే ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్ కోసమైతే 360 పిక్సెళ్ల వెడల్పున్నది చాలు. లేకపోతే పెద్ద ల్యాప్‌టాప్ సైజులో గీసి, ఫోన్‌లో అదంతా పడుతుందనుకుంటారు. వాళ్లు గీసేది వేరే ఫైల్లో ఉండాలి. అసలు లైబ్రరీ ఫైల్‌ని మార్చే అనుమతి డిజైనర్ల దగ్గరే ఉండాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. అక్కడ ఒక బటన్ మారితే దాన్ని వాడిన ఫైళ్లన్నిటికీ ఆ మార్పు అప్‌డేట్‌గా వెళ్తుంది.

టూల్ నేర్పేటప్పుడు ఫ్రేమ్, కాంపొనెంట్ (కిట్‌లోని సిద్ధంగా ఉన్న భాగం) వాడటం, రెండు స్క్రీన్లను లింక్ చేయడం, కామెంట్ పెట్టడం నేర్పితే మొదటి నెలకు చాలు. భాగాల మధ్య దూరాలను దానంతటదే సర్దే ఆటో లేఅవుట్ మంచిదే, కానీ మొదటి రోజే నేర్పితే దాంతో కుస్తీ పట్టడంలోనే సాయంత్రం అయిపోతుంది. కాంపొనెంట్‌ని విడగొట్టేసి వాడుతున్నారేమో మాత్రం గమనిస్తూ ఉండండి. విడగొట్టారంటే మీ కిట్‌లో వాళ్లకు కావలసింది ఏదో లేదని అర్థం. తిట్టకుండా, ఏం కావాల్సి వచ్చిందో అడిగి కిట్‌లో చేర్చండి.

నిజం మాటలు, నిజం అంకెలు

ఒకే ఒక్క అలవాటు నేర్పగలిగే టైం ఉందంటే నేను దీన్నే నేర్పుతాను. స్క్రీన్‌లో ఉత్తుత్తి రాత ఉండకూడదు. లోరెమ్ ఇప్సమ్ (ఖాళీ నింపడానికి పెట్టే అర్థం లేని లాటిన్ లాంటి రాత) వద్దు, "ఐటమ్ 1, ఐటమ్ 2" వద్దు. టూల్స్‌తో వచ్చే నమూనాల్లో అమెరికా పేర్లు, డాలర్లు, నెల ముందు రాసే తేదీలు ఉంటాయి. అవి అలాగే మిగిలిపోతే మన షాపాయన కష్టం ఏదీ బొమ్మలో కనిపించదు.

"సన్‌ఫ్లవర్ ఆయిల్ 1 లీటర్ ప్యాకెట్లు, 12 ఉన్న పెట్టె" అని రాసి చూడమనండి. వరుస సగానికే పేరు తెగిపోతుంది. "కందిపప్పు 2" అని రాసి చూడమనండి. రెండు కిలోలా, రెండు బస్తాలా? అంకె పక్కన కొలత లేకుండా ఆర్డర్ పెడితే తప్పు సరుకు వచ్చి పడుతుంది. మొత్తం ₹1,25,400 అయినప్పుడు ఆ గడిలో పడుతుందా? కామాలు లక్షల లెక్కలో ఉన్నాయా, 125,400 అని పడ్డాయా? మొబైల్ నంబర్ 10 అంకెలు, పిన్ కోడ్ 6 అంకెలు, గడుల పొడవు దానికి తగ్గట్టే ఉందా? ఇంటిపేరుతో కలిపి పొడుగ్గా ఉన్న పేరు పెడితే హెడర్ ఏమవుతుంది?

యాప్ తెలుగులో ఉంటే ఇంకో పరీక్ష ఉంది. మన అక్షరాలకు పైన గుణింతాలు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీష్‌కి సరిపోయేలా పెట్టిన లైన్ ఎత్తులో అవి ఒకదానికొకటి తగులుతాయి, బటన్‌లో అయితే కింది ఒత్తు తెగిపోతుంది. "రాష్ట్రం", "స్త్రీ", "కృష్ణ" లాంటి మాటలు పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది. కిట్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పెట్టి, లైన్ ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టండి. ఇంగ్లీష్‌లో గీసి తర్వాత అనువాదం చేయిద్దామన్న ప్లాన్‌కి ఒప్పుకోకండి. ఇంగ్లీష్‌లో ఒక్క మాటలో ఉన్న బటన్ తెలుగులో రెండు లైన్లు అయ్యేది ఆఖరి వారంలోనే తెలుస్తుంది.

మాటల తర్వాత పరిస్థితులు. నేర్చుకోనివాళ్లు గీసేది ఎప్పుడూ అన్నీ సవ్యంగా జరిగిన రోజు స్క్రీన్. మిగతా రోజుల సంగతి అడగడం మీ వంతు. మొదటిసారి తెరిచినప్పుడు, ఏ ఆర్డరూ లేనప్పుడు ఏం కనిపిస్తుంది? ఐదు బస్తాలు అడిగితే డీలర్ దగ్గర మూడే ఉంటే? జాబితాలో మూడు వందల సరుకులు ఉంటే? ఆర్డర్ నొక్కగానే నెట్ పోతే? ఈ చివరిదాని దగ్గర కాసేపు కూర్చోండి. ఆర్డర్ వెళ్లిందో లేదో తెలియకపోతే షాపాయన మళ్లీ నొక్కుతాడు, సరుకు రెండుసార్లు వస్తుంది, రవాణా ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ మొదలవుతుంది. అనలిస్ట్‌కి ఈ గొడవలు మీకంటే బాగా తెలుసు. స్క్రీన్‌లో వాటికి చోటివ్వాలని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. అసలు స్క్రీన్ కింద "ఖాళీ, ఎక్కువ, సగం, తప్పు, నెట్ లేదు" అని ఐదు ఖాళీ ఫ్రేములు కిట్‌లోనే పెట్టి ఇస్తే, వాటిని నింపకుండా వదిలేయడానికి మనసొప్పదు.

కొలిచి చెప్పగలిగేవి

కొన్ని విషయాల్లో వాదన అక్కర్లేదు, కొలిస్తే చాలు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెల్ల పేజీ మీద 767676 కోడ్ ఉన్న బూడిద రంగు దీన్ని దాటుతుంది, 777777 కొద్దిలో తప్పుతుంది. అంతకంటే లేత బూడిద రంగు రాతలు కిట్‌లోనే లేకుండా చేయండి. నొక్కే చోటు సైజు విషయంలో ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ మెటీరియల్ డిజైన్ 48 డీపీ చెప్తాయి (పాయింటు, డీపీ రెండూ ఫోన్ స్క్రీన్ మీద సైజు కొలతలే). 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 పెట్టిన 24 పిక్సెళ్లు కనీస హద్దు మాత్రమే. కౌంటర్ దగ్గర ఒంటి చేత్తో వాడేవాళ్లకు పెద్ద సైజే తీసుకోండి.

ఏఐ చేసిన స్క్రీన్ అయితే

దీన్ని చూసే పద్ధతి కొంచెం వేరు. చేత్తో గీసిన పేజీలో ఉన్నదంతా ఆ మనిషి పెట్టిందే. ఏఐ పేజీలో అలా కాదు. "కిరాణా షాపులకు ఆర్డర్ యాప్" అని అడిగితే అది రివార్డ్ పాయింట్లు, అమ్మకాల గ్రాఫ్, రేటింగ్ చుక్కలు కూడా తగిలించి ఇస్తుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ నిర్ణయించలేదు. కానీ మూడు రోజుల తర్వాత డెవలపర్ వాటికి కూడా గంటలు లెక్కవేస్తాడు, క్లయింట్ "ఆ గ్రాఫ్ ఎప్పుడొస్తుంది" అని అడుగుతారు.

అందుకే ముందు, టూల్‌కి ఏం రాసి అడిగారో ఆ వాక్యాలను నాలుగు లైన్ల నోట్ కింద అతికించమనండి. తర్వాత ఇద్దరూ కలిసి స్క్రీన్ మీది ఒక్కొక్కదాన్నీ చూస్తూ "ఇది మనం అడిగామా?" అనుకుంటూ వెళ్లండి. అడగనిదాని మీద బూడిద ముసుగు వేయండి. కావాలనుకుంటే కారణం రాసి మళ్లీ తీయొచ్చు. తర్వాత ప్రతి బటన్‌నీ నొక్కి చూడండి. చాలావాటి వెనక ఏమీ ఉండదు, లేదా అందమైన ఉత్తి పేజీ ఉంటుంది. వెనకున్న కోడ్‌ని అలాగే వాడేద్దామని ఎవరైనా అంటే, ఆ నిర్ణయం డెవలపర్లు కోడ్ చదివాకే తీసుకోవాలని స్పష్టంగా చెప్పండి.

ఇంకో హెచ్చరిక. నిజం అంకెలు వాడమన్నాను కదా అని నిజం కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీల ఎక్సెల్ షీట్ ఆ టూల్‌లో పెట్టకూడదు. మన దేశంలో వ్యక్తుల డిజిటల్ సమాచారం కాపాడటానికి 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, షాపాయన తన బాకీ వివరాలు మనల్ని నమ్మి ఇచ్చాడు. నిజంలా ఉండే కల్పిత వివరాలతో ఒక షీట్ తయారుచేసి కిట్‌తో పాటు ఇచ్చేయండి.

గీసినవాళ్లను వాడేవాళ్ల ముందు కూర్చోబెట్టండి

రివ్యూలు ఎన్ని చేసినా, తను గీసిన స్క్రీన్ దగ్గర ఒక షాపాయన ఆగిపోవడం కళ్లారా చూస్తే వచ్చే అవగాహన వాటివల్ల రాదు. ఆఫీసులో అకౌంట్స్ అన్నకి చూపించి సరిపెట్టకండి, ఆయనకు సరుకు తెప్పించే పని లేదు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక షాపుకే వెళ్లండి. ల్యాప్‌టాప్ తీయకండి. ఫిగ్మా మొబైల్ యాప్‌లో ప్రోటోటైప్ తెరిచి ఫోన్ ఆయన చేతికివ్వండి.

పని ఇచ్చే తీరు ముందే అనుకోండి. "ఆర్డర్ బటన్ నొక్కండి" అంటే దారి మీరే చెప్పేసినట్టు. "కందిపప్పు అయిపోవచ్చింది, ఎల్లుండికి రెండు బస్తాలు కావాలి. దీంట్లో తెప్పించండి బాబాయ్" అని వదిలేయండి. అనలిస్ట్ పని నోట్ చేసుకోవడం మాత్రమే. ఆయన తప్పు నొక్కినా చెప్పకూడదు, నవ్వకూడదు, "పైన చూడండి" అనకూడదు. ఇది చాలా కష్టం, ముందే మాట తీసుకోండి. ఆయన ఆగిన చోటు, పైకి చదివిన మాట, వెనక్కి వెళ్లిన చోటు రాసుకుంటే చాలు. మొదలుపెట్టకముందే "మేం చూస్తున్నది యాప్‌ని, మిమ్మల్ని కాదు" అని ఆయనకు చెప్పండి. లేకపోతే తనకే రాలేదనుకుని బాధపడతాడు.

ఎంతమందితో? వాడేవాళ్లతో పరీక్షలు చేయడంలో పేరున్న నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో ఐదుగురు చాలని రాశారు. పదిహేనుమందితో చేసే వీలుంటే ఒకేసారి చేయకుండా, ఐదుగురి చొప్పున మూడుసార్లు, మధ్యలో మార్పులు చేసుకుంటూ చేయమన్నారు. మీకు ముగ్గురే దొరికితే ముగ్గురితోనే చేయండి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఫిగ్మా ప్రోటోటైప్‌లో మామూలుగా గడి గీస్తే అందులో టైప్ చేయడం కుదరదు. లింక్ ఇచ్చిన దారిలోనే కదులుతుంది. సరుకు పేరు టైప్ చేసి వెతకడమే మీరు పరీక్షించాల్సింది అయితే, టైప్ చేయగలిగే ప్రోటోటైప్‌లు తయారుచేసే ఆక్షూర్ లాంటి టూల్ గానీ డెవలపర్ రాసిచ్చిన చిన్న వెబ్ పేజీ గానీ వాడండి.

పెద్దవాళ్లు గీసినప్పుడు

ఇది మన ఆఫీసుల్లో తప్పకుండా వచ్చే చిక్కు. స్క్రీన్ గీసింది డైరెక్టరో క్లయింట్ వైపు హెడ్డో అయితే "సార్ గీశారు" అన్న మాటతోనే చర్చ ఆగిపోతుంది. టీమ్‌లో ఎవరూ ప్రశ్న అడగరు. అలాగే తయారుచేసేస్తారు.

ఇక్కడ కూడా అవే మెట్లు, కానీ విడిగా. నాలుగు లైన్ల నోట్ కోసం, "సార్, టీమ్‌కి వివరించడానికి రెండు విషయాలు కావాలి" అని అడగండి. ఏది ఖాయం, ఏది మీ ఆలోచన అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు నిజాయితీగానే చెప్తారు. "అదేం లేదు, ఊరికే అనుకున్నా, మీరు చూసుకోండి" అని వాళ్లే అనేస్తారు. అనకపోతే మీ అభిప్రాయాన్ని వాళ్ల అభిప్రాయం మీదకు తోలకండి. "ఇద్దరు షాపువాళ్లకి చూపించి ఎల్లుండి చెప్తాను సార్" అని టైం తీసుకోండి. వచ్చాక షాపాయన అన్న మాటలు ఆయన అన్నట్టే చెప్పండి.

ఎవరు గీసినా ఒప్పుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. డబ్బు కట్టే పేజీ, అకౌంట్ తీసేసే పేజీ, సమాచారం వాడుకోవడానికి అనుమతి అడిగే పేజీ. ఇవి కిట్‌తో గీసి నేరుగా డెవలపర్‌కి వెళ్లకూడదు, మీ చేతిమీదుగా, అవసరమైతే లీగల్ టీమ్ చూశాకే వెళ్లాలి. ఇది మొదటే చెప్పేస్తే తర్వాత ఎవరికీ చిన్నతనం అనిపించదు.

డెవలపర్‌కి ఇచ్చేటప్పుడు

ప్రతి ఫ్రేమ్ పైన మూడింటిలో ఒక పట్టీ ఉండాలి: "ఆలోచన", "చర్చలో", "కట్టొచ్చు" (అంటే డెవలపర్ తయారుచేయడం మొదలుపెట్టొచ్చు). మూడో పట్టీ పెట్టే అధికారం ఒక్కరికే ఉండాలి, అది మీరు అయితే మంచిది. పాత వెర్షన్లు చెరిపేయకుండా "పాతవి" అనే పేజీలోకి తోసేయండి. ఇది ఎందుకు వద్దనుకున్నామో ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. ఫైల్ పేరు కింద ఆ స్క్రీన్ మొదట గీసినవాళ్ల పేరు ఉంచండి. మీరు ఎంత మార్చినా ఉంచండి.

యాప్ విడుదలయ్యాక పావుగంట తీసుకుని, అనలిస్ట్ మొదటి స్క్రీన్‌నీ ఇప్పుడు ఫోన్‌లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించండి. ఫొటోల వరుస ఎందుకు పోయింది, బాకీ లైన్ ఎందుకు నిలిచింది, అది ఎర్ర అంకె నుంచి ఒక వాక్యంగా ఎప్పుడు మారింది అన్నీ చెప్పండి. సరుకు రాలేదంటూ సపోర్ట్‌కి వచ్చే ఫోన్లు తగ్గాయో లేదో ఆమెనే కనుక్కుని చెప్పమనండి. ఆ కాల్స్ వినేది ఆమే కాబట్టి, తర్వాత ఏ పేజీ పట్టుకోవాలో కూడా ఆమెనే అడగండి.